అక్క పళ్లెం

పరిశోధనశాలలో అందరూ ఆవిడను వంటావిడ అనేవారు. పళ్లాల్లో పెంచే పేగు కణాలకు ఆహారం కలిపేది, దాన్ని గోరువెచ్చగా చేసి రోజు విడిచి రోజు పెట్టేది ఆవిడే. పెద్ద చదువుల వాళ్లు ముట్టుకుంటే అలిగి చచ్చే కణాలు ఆవిడ చెయ్యి పడితే చక్కగా పెరిగేవి. ఇరవై రెండేళ్లుగా అదే వంట.

అలాంటి మనిషి, అక్క తనకు రక్తం పడుతోందని చెబితే, "మొలలై ఉంటాయిలే, నీళ్లు బాగా తాగు" అని ఊరుకుంది. రోజంతా పేగు కణాలతో కాపురం చేసే మనిషికి ఆ మాట ఎలా వచ్చిందో! సొంతవాళ్ల దగ్గరికి వచ్చేసరికి తెలివి ఎక్కడికి పోతుందో నాకైతే అర్థం కాదు. ఎనిమిది నెలలు గడిచాయి. తెలిసేసరికి పెద్దపేగు క్యాన్సర్ కాలేయానికి పాకింది.

ఆపరేషన్ ముందు, తీయబోయే గడ్డ ముక్కను చెల్లెలి పరిశోధనశాలకు ఇస్తానని అక్క సంతకం పెట్టింది. అక్క లెక్కల టీచరు, నోరు ఊరుకునేది కాదు.

"చిన్నప్పుడు నీకు ముద్దలు పెట్టాను కదే, ఇప్పుడు నీ వంతు. పళ్లెంలో నన్ను పస్తు మాత్రం పెట్టకు."

"ఛ, అవేం మాటలక్కా!" అంది చెల్లెలు. పస్తు పెట్టనని మాట మాత్రం ఇచ్చింది.

అక్క పోయి ఏడాదైంది. ముక్కలోని కణాలు బతికే ఉన్నాయి. ఎవరూ లేనప్పుడు వంటావిడ పళ్లెం మీదికి వంగి, "తిన్నావా అక్కా?" అని అడిగేది.

ఒక ఉదయం డాక్టరమ్మ కొత్త మందు తెచ్చింది. మామూలుగా పేగు కణం అడుగున పుట్టి, పైకి ఎక్కుతూ పని నేర్చుకుని, నాలుగైదు రోజులు పనిచేసి రాలిపోతుంది. 'పెరిగింది చాలు, ఇక పనిలోకి దిగు' అని చెప్పే జన్యువు ఈ కణాల్లో మూగబోయింది. మందు దాన్ని మేలుకొలుపుతుందేమో చూడాలి.

"ఈ కణాలను రెండు పళ్లాల్లో పెట్టి, ఒకదానిలో మందు వెయ్యండి. రెండోది పోల్చడానికి అలాగే ఉంచండి," అంది డాక్టరమ్మ. ఆ కణాలు ఎవరివో డాక్టరమ్మకు తెలియదు.

వంటావిడ మందు వేసింది. పోనీలే, రెండో పళ్లెంలో అక్క ఉంటుందనుకుంది.

ఐదో రోజు సూక్ష్మదర్శినిలో చూస్తే, మందు పడ్డ కణాలు బుద్ధిగా వరసలో నిలబడి ఉన్నాయి. కొన్ని జిగురు ఊరిస్తున్నాయి. పని ముగించుకున్నవి రాలిపోతున్నాయి.

"జబ్బు రాకముందు ఆ మనిషి పేగు ఇలా ఉండేదండీ!" అంది డాక్టరమ్మ సంబరంగా.

వంటావిడ రెండో పళ్లెం చూసింది. గుట్టల మీద గుట్టలు. ఏడాదిగా తిన్నావా అని అడిగింది దీన్ని. అక్కను తిన్నదాన్ని. పోల్చి చూడటం అయ్యాక, రెండో పళ్లెంలో కణాలు చచ్చేలా బ్లీచింగ్ ద్రావణం తానే పోసింది. మొదటిదానికి చివరి కణం రాలేదాకా ఆహారం పెట్టింది.

"ఒక్కసారికే నమ్మలేం. ఫ్రీజర్లో దాచిన ఇవే కణాలు తీసి మళ్లీ పెంచండి," అంది డాక్టరమ్మ.

వంటావిడ మళ్లీ ఆహారం సీసా వెచ్చబెట్టింది. ఈసారి పళ్లాన్ని పలకరించలేదు. మందు పడ్డ ఐదో రోజుకు అక్క వస్తుంది. వచ్చిన వారానికి మళ్లీ పోతుంది.