ఎలుకలు కట్టిన గూళ్లు

నోట్లో నువ్వుగింజ నానని మనిషి అంత పెద్ద మాటను నాలుగు రోజులు కడుపులో ఎలా పెట్టుకున్నాడు? ఇన్నేళ్లయినా ఈ ప్రశ్నకు జవాబు దొరకలేదు.

పరిశోధనశాలలో ఎలుకల గది చూసే అతన్ని అందరూ రేడియో అనేవాళ్లు. ముప్ఫయ్యొక్కేళ్లుగా అతని పని బోనుల్లో రంపపు పొట్టు మార్చడం, నీళ్ల సీసాలు నింపడం, ఒక్కో బోనులో ఒక కాగితం రుమాలు వేయడం. ఎలుకలు ఆ కాగితాన్ని చీల్చి గూడు కట్టుకుంటాయి. ఒంట్లో బాగుంటే గూడు గిన్నెలా లేస్తుంది. బాగోకపోతే కాగితం వేసినచోటే పడుంటుంది. ఇది ఎవరూ చెప్పింది కాదు, చూసి చూసి అతనికి పట్టుబడింది.

ఆ శనివారంతో అతని ఉద్యోగం ఆఖరు. దానికి పన్నెండు రోజుల ముందు, పరిశోధన చేసే అమ్మాయి పన్నెండు బోనుల ఎలుకలకూ కేన్సర్ గడ్డ పక్కనే సూది వేసింది. ఆరు బోనులకు మందు కలిపిన జెల్, ఆరింటికి ఉత్త జెల్. ఏది ఎక్కడ పడిందో ఆమెకూ తెలీదు. ఆ చీటీ పెద్ద డాక్టరు బీరువాలో ఉంది.

"చల్లగా ఉన్నంతసేపూ నీళ్లే బాబాయ్. ఒంటి వేడి తగిలితే పెరుగులా తోడుకుంటుంది," అంది ఐసులోంచి సిరంజి తీస్తూ. "ఒంట్లో కాపలా కణాలుంటాయి కదా, గడ్డ దగ్గరికి రాగానే కునుకు తీస్తాయి. వాటిని లేపే మందు రక్తంలో ఎక్కిస్తే ఒళ్లంతా పాకిపోతుంది. ఈ జెల్ అయితే అక్కడే కూర్చుని కొంచెం కొంచెం వదుల్తుంది."

"అంటే కాపలావాళ్ల పక్కనే టీ కొట్టు పెట్టావన్నమాట."

"అంతే. కానీ పద్నాలుగో రోజున నేను గడ్డలు కొలిచేదాకా నువ్వు మాత్రం నోరు విప్పకు."

ఆ మాటలో ములుకుంది. కిందటేడు "నాలుగో బోనువి తెగ తింటున్నాయమ్మా" అని అతనే నోరు జారాడు. అది విన్నాక కొలిచే చెయ్యి ఎటు మొగ్గుతుందో ఎవరికి తెలుసంటూ పెద్ద డాక్టరు ప్రయోగం మొత్తం కొట్టేశాడు. ఆమెకు ఏడాది వృథా. ఈసారీ అలాగైతే ఆమె సీటే ఉండదు.

తొమ్మిదో రోజు, బుధవారం పొద్దున్నే లైటు వేశాడు. ఆరు బోనుల్లో కాగితం నలిగి పడుంది. మిగతా ఆరింట్లో గూళ్లు లేచాయి. ఒకదాంట్లోనైతే అంచుల మధ్య ఎలుక వీపు మాత్రమే కనిపిస్తోంది. లెక్క తప్పానేమోనని మళ్లీ మొదటి బోను నుంచి వచ్చాడు. ఆరే. చేతిలో సీసా నిండి, పొర్లి, చెప్పులు తడిసేదాకా చూసుకోలేదు.

ఇంట్లో భార్య పసిగట్టింది. "ఏంటి, రేడియో మూగబోయింది? బ్యాటరీలు అయిపోయాయా?"

"గొంతు బాగాలేదు."

"గొంతు బాగాలేకపోతే దాని గురించే గంటసేపు చెప్తావు నువ్వు. గోడను చూసి నవ్వుకుంటూ తింటున్నావు, తెలుస్తోందా?"

శుక్రవారం ఆ అమ్మాయి ఎలుకల గది గుమ్మంలో నిలబడింది. కళ్లు గుంటలు పడ్డాయి. "భయంగా ఉంది బాబాయ్. ఈసారి కూడా ఏమీ రాకపోతే?"

మాట నాలుక చివరికొచ్చేసింది. గబుక్కున తిరిగి కుళాయి బార్లా తిప్పాడు. "నీళ్ల చప్పుడమ్మా, వినపళ్లేదు," అన్నాడు, ఆమె మొహం చూడకుండా.

శనివారం సాయంత్రం పై గదిలో కుర్చీలు వేశారు, కేకు తెచ్చారు. నెలరోజులుగా రాసుకున్న ఉపన్యాసం అతని జేబులోనే ఉంది. ఆమె మెట్ల మీంచి వంగి పిలిచింది. "రా బాబాయ్, నీ స్పీచ్ కోసం అందరూ చెవులు గట్టిచేసుకుని కూర్చున్నారు."

"చేతులు కడుక్కుని వస్తా, నువ్వు నడు."

ఆమె ఎదురుగా నిలబడి ఒక్క మాట మొదలెడితే చాలు, రెండో మాట గూళ్ల గురించే వస్తుంది. నోరు మూసుకున్నా మొహం ఆగదు. చేతులు కడిగాడు. తాళాలు మేకుకు తగిలించాడు. ఆరు గూళ్లనూ ఇంకోసారి చూసి లైటు ఆర్పాడు. పైన చెంచాలు, నవ్వులు, ఎవరో అతని గొంతును అనుకరించడం వినిపిస్తున్నాయి. అతను వెనక తలుపు తీసి, కుర్రాడిలా రెండేసి మెట్లు దిగుతూ, వెళ్లొస్తానని ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయాడు.