తమ్ముడి మీద ఏడ్చి పెంచిన బొజ్జ

తమ్ముడంటే నాకు కుళ్లు. దాచుకోవడానికేం లేదు. బచ్చన్నపేటలో పగలంతా పత్తి చేలో ఎండి ఎముకల గూడులా ఉండేవాడు. అయినా పెళ్లయిన మూడేళ్లకే ఇద్దరు పిల్లలు. తొర్రూరులో ఎరువుల దుకాణం పెట్టుకుని ఫ్యాను కింద కూర్చునే నాకు ఆరేళ్లయినా ఒక్కరూ లేరు. వాడి చిన్నోడిని తొట్టెలలో వేసిన రోజు, బిడ్డ ముఖం సరిగా చూడకుండానే బగారన్నం దగ్గరికి పోయాను. కడుపు మండిపోయింది.

"మొగోడు జర గట్టిగుండాలె బిడ్డా" అని మా అమ్మ, అదే మా అవ్వ, ఊరి నుంచి డబ్బాలకొద్దీ నెయ్యి పంపేది. వాడిలా నాకూ పిల్లలు కావాలన్న కసితో రోజూ పొద్దున్నే నెయ్యి, మేక కాళ్ల పాయా మింగాను. బొజ్జ పెరిగితే దుకాణంలో అందరూ "సేటూ" అన్నారు. నేనూ మురిసిపోయాను. పరీక్షలన్నీ నా భార్యకు, నెయ్యి నాకు.

చివరికి జనగామలో ఒక డాక్టరమ్మ నాకూ పరీక్ష రాసింది. రిపోర్టులో వీర్యకణాలు తక్కువ, ఉన్నవాటిలోనూ చురుకు లేదు. ఆమె నా బొజ్జ వైపు వేలు చూపించింది.

"గీ కొవ్వు ఊకె కూసోదు. హార్మోన్లు వదుల్తది. వాపును పెంచే లెప్టిన్ పెరుగుతది, వాపును అణిచే అడిపోనెక్టిన్ తగ్గుతది. ఒంట్ల సన్నటి మంట రాజుకున్నట్టే. ఆ సెగ వీర్యకణాలకు తాకుతది. గిదొక్కటే కారణమని చెప్ప. కానీ ముందుగాల నడుము తగ్గించు."

నా భార్యలో ఏ లోపమూ లేదంది. తిరుగు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుని పల్లీలు తింది. అంత తేలికగా ఆమెను ఎన్నడూ చూడలేదు. తమ్ముడి మీది ఏడుపంతా ఆమె మీదికి మళ్లింది. తప్పు లేకుండా బతకడం ఎంత సుఖమో అనిపించింది.

ఇంటికొచ్చేసరికి అవ్వ ఫోను. "కోడలికేమన్నరు?" నా భార్య స్పీకరు నొక్కి ఫోను నా చేతిలో పెట్టింది. "నువ్వే చెప్పు" అంది.

"దాంట్ల ఏ లోపం లేదే అవ్వా. తక్కువ నాలోనే."

 అవ్వ గొంతు తగ్గించింది.

"గీ ముచ్చట ఎవ్వలకు చెప్పకు బిడ్డా. ఇన్నేండ్లు కోడలిదే తక్కువ అన్నం గద. గట్లనే ఉండనీ."

సిగ్గు విడిచి రాస్తున్నాను, ఆ మాట వినగానే నాకు హాయిగా అనిపించింది. తలెత్తితే నా భార్య ఫోను వైపు చూడటం లేదు. నా ముఖంలోకే చూస్తోంది.