సీలు విప్పిన చెయ్యి

మా బావ ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. వృత్తి దర్జీపని. గుడ్డ తెచ్చినవాళ్ళ ముందు ఒకసారి, వాళ్ళు వెళ్ళాక ఇంకోసారి కొలుస్తాడు. ఆయన కొట్లో కాజాలు కుట్టే మరదల్ని నేను. నన్నూ నమ్మడు మహానుభావుడు.

అలాంటి మనిషికి కుడిచెయ్యి వణకడం మొదలైంది. డాక్టరు మాత్రలిచ్చాడు. కొన్నాళ్ళు కత్తెర తిన్నగానే నడిచింది. ఆ తర్వాత ఉన్నట్టుండి ఎవరిదో కోటు గుడ్డ అడ్డంగా తెగిపోయింది. ఇక చూడాలి అనుమానం! నకిలీ మాత్రలమ్మాడని మందుల షాపువాణ్ణి కడిగేశాడు. షాపు మార్చినా వణుకు తగ్గలేదు. అప్పుడు చూపు మా అక్క మీద పడింది.

"మాత్రలిచ్చేది నువ్వేగా! కొట్టు మూసెయ్యమని పోరేదీ నువ్వే. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు."

"అయ్యో, మీ చెయ్యి పడిపోతే నేనేం బావుకుంటానండీ?" అంది అక్క.

ఆయన వినలేదు. ఆ రోజు నుంచి ఆయన కళ్ళముందే అట్ట చింపి మాత్ర తియ్యాలి. నాకు ఒళ్ళు మండిపోయింది. అక్క మాత్రం రోజూ అలాగే చింపి ఇచ్చేది.

ఆయన నమ్మింది ఒక్కదాన్నే: చెయ్యి కాస్త కుదుటపడ్డ రోజుల్లో బలానికని తనే కొనుక్కున్న అమైనో ఆమ్లాల పొడి. సీలు తనే విప్పాడు మరి! ఆ పొడి కలిపిన నీళ్ళతోనే మాత్ర మింగేవాడు, రెండూ కలిసి వెళితే తొందరగా ఒంటికి పడతాయని.

చివరికి డాక్టరు దగ్గర ఆ సంగతి బయటపడింది.

"మీ మాత్రలో మందు కూడా ఆ అమైనో ఆమ్లాల జాతిదే పెద్దాయనా. పేగుల్లోంచి రక్తంలోకి వెళ్ళే గుమ్మం రెండింటికీ ఒకటే. తిండిలో ప్రొటీన్ మెల్లగా అరిగి వస్తుంది. ఈ పొడికి అరిగే పనేలేదు, గుంపుగా మీద పడుతుంది. మీ మందు బయటే నిలబడిపోతోంది. మెదడు గుమ్మం దగ్గరా ఇదే తొక్కిసలాట."

"పోనీ, ఆ పొడంతా కండకి చేరుతుందా?" అన్నాడు బావ.

"అంతా ఎక్కడ చేరుతుంది! కొంత పేగులే వాడేసుకుంటాయి, కొంత కాలేయం విరగ్గొడుతుంది."

"అంటే దారిపొడుగునా నొక్కేసేవాళ్ళేనన్నమాట!"

"ఇంటిదొంగ దొరికాడుగా బావా," అన్నాను నేను, కడుపుమంట ఆపుకోలేక. "తలుపు తీసింది మీరే."

పొడి మానేసి, పరగడుపున మాత్ర వేసుకోవడం మొదలెట్టాక చెయ్యి కుదుటపడింది. కత్తెర మళ్ళీ గీత దాటలేదు. ఒక పొద్దున అక్క ఎప్పటిలాగే ఆయన ముందు నిలబడి అట్ట చింపబోయింది.

"ఇక చూపించక్కర్లేదే. లోపలే తీసి తెచ్చెయ్యి," అన్నాడు గొంతు తగ్గించి.

"ఎందుకులెండి. చూసే వేసుకోండి," అంది అక్క.

ఇప్పటికీ అలాగే ఇస్తోంది.