పగ లేదన్న ఊళ్లో బోరు

వకీలు సారు పెద్దకర్మ అయిన మర్నాడే వాళ్లావిడ నన్ను పిలిపించారు.

"ఆ ఊరి బోరు ఆగిపోకూడదు నాయనా. ఆయన బోరుబండి గూడా మాట్లాడి పెట్టినారు. నువ్వే దగ్గరుండి వేయించు."

సరేనన్నాను. బోరు వేయించడం నాకు కొత్త కాదు. ఆయన లేకుండా వేయించడం కొత్త.

సివిల్ డిప్లొమా చేసి ఉద్యోగం కోసం తిరుగుతున్న రోజుల్లో ఆయన దగ్గర చేరాను. అనంతపురం కోర్టులో కొట్లాట కేసులు, హత్య కేసులు వాదించేవారు. జరిగిన చోటు చూడకుండా ఏ కేసూ పట్టేవారు కాదు. గొడవ దీపాలు పెట్టే వేళ జరిగిందంటే మేమూ అదే వేళకు ఆ ఊళ్లో ఉండాలి. సాక్షి నిలబడ్డానన్న చోట ఆయన నిలబడి, ముద్దాయి ఉన్నాడన్న చోటికి నన్ను పంపేవారు. "నీ చేతిలో ఏముండాదో నాకు కనపడ్డం లేదు, రాసుకో" అని అక్కడి నుంచే కేకేసేవారు. టేపుతో కొలవడం, ఉత్తర దిక్కు గుర్తించడం, గోడలు, దారులు, దీపస్తంభాలు, బావులు స్కేలు ప్రకారం గీయడం నా పని. నన్ను "ఇంజనీరూ" అని పిలిచేవారు. అందులో వెక్కిరింత ఎంతో, ముద్దు ఎంతో నాకు ఎప్పుడూ తేలలేదు.

ఇప్పుడు బోరు వేయాల్సిన ఊరికి కొత్తచెరువు దాటి పోవాలి. ఎగువన మీది వీధి, దిగువన కింది వీధి. కళ్లం దగ్గర మాటామాటా పెరిగి కింది వీధి మనిషికి తల పగిలింది. మీది వీధి వాళ్లు సారు కక్షిదారులు. పాత పగతోనే కొట్టారని పోలీసులు కేసు పెట్టారు. పగ లేదని చెప్పడానికి మీది వీధి పెద్దాయన బోనెక్కాడు.

"రెండు వీధులూ ఒకటే సామీ. ఒకే బావి నీళ్లు తాగుతాము" అని ప్రమాణం మీద చెప్పాడు. అవతలి సాక్ష్యాలు కూడా నిలవలేదు. కేసు కొట్టేశారు.

కోర్టు బయట అందరూ నవ్వుతున్నా సారు నవ్వలేదు. కారెక్కగానే నా పటం మళ్లీ తెరిచారు.

"ఒకే బావి అన్నాడే. యాడుండాది అది?"

వేలితో చూపించాను. ఎండిపోయిందని పక్కన రాశాను కూడా. నీళ్ల ట్యాంకరు మీది వీధిలోనే ఆగేది. కింది వీధి ఆడవాళ్లు బిందెలతో పొలాల్లోని మోటారు దాకా నడిచేవారు.

"ఆ మాట నేను చెప్పమనలేదు. ఆయప్పే చెప్పినాడు. కానీ దాంతో గెలిచింది నేను. ఇంక దాన్ని నిజం చేయల్ల" అన్నారు సారు.

ఆయన వేయించిన బోర్లన్నీ ఇలాంటివే. పేపరువాళ్లు దాత అని రాస్తే చిరాకు పడేవారు. ఆయన దృష్టిలో అది దానం కాదు, కేసులో మిగిలిపోయిన పని.

నీళ్లు చూసే నిపుణుణ్ణి తీసుకెళ్లి రెండు చోట్ల పరీక్ష చేయించారు. ఒకటి మీది వీధిలో, ఇంకోటి రెండు వీధుల మధ్య బడి ముందు. నీళ్లు పడే అవకాశం రెండు చోట్లా సమానమేనని ఆ నిపుణుడు చెప్పాడు. సారు బడి ముందే మేకు పాతించారు. ఆ నెలలోనే ఆయన గుండె ఆగిపోయింది.

నేను వెళ్లేసరికి బోరుబండి ఊరి మొదట్లో నిలబడి ఉంది. డ్రైవరు దిగకుండానే మొదలుపెట్టాడు. "మడకశిరలో ఇంగో బోరు ఉండాది సార్. తొందరగా జాగా చూపించండి."

చూపించడానికి ముందుకు నడిచి ఆగిపోయాను. మీది వీధిలో, పెద్దాయన ఇంటి ముందు, అప్పుడే కట్టిన సిమెంటు దిమ్మె మీద తాడిపత్రి రాయి. నున్నగా పాలిష్ పట్టి, సారు పేరు చెక్కించి, పూలదండ వేశారు. నీళ్లు పడకముందే, బోరు దిగకముందే శిలాఫలకం నిలబెట్టేశారు.

"రాయి ఈడ పెట్టినాము గదా. బండి ఈడికే రావల్ల" అన్నాడు పెద్దాయన.

"సారు గుర్తు పెట్టింది బడికాడ."

"ఉండొచ్చప్పా. ఆయప్ప మా వకీలు. మా కేసు వాదించినాడు, వాళ్లది కాదు."

నేను వరసగా చెప్పుకుంటూ పోయాను. బడి ముందు బండి తిరగడానికి చోటుంది, కరెంటు స్తంభం దగ్గర్లోనే ఉంది, మురుగు పోవడానికి వాలు ఉంది. ప్రతిదానికీ ఆయన తలూపాడు, కదల్లేదు. డ్రైవరు హారను కొట్టాడు. కింది వీధి మలుపులో ఆడవాళ్లు ఖాళీ బిందెలతో నిలబడి చూస్తున్నారు. ఒక్కరూ ఇటు అడుగు వేయలేదు. బోరు ఆ రాయి పక్కన పడితే ఎప్పటికీ వేయరు. వాళ్లు మళ్లీ మోటారు దారి పట్టవలసిందే. నేను బండికీ రాయికీ మధ్య అటూ ఇటూ తిరిగాను. సారైతే ఇన్ని కారణాలు చెప్పేవారు కాదు, ఒక్క ప్రశ్న వేసేవారు అనిపించింది.

"పెద్దాయనా, రెండు వీధులూ ఒకే బావి నీళ్లు తాగుతాయని కోర్టులో చెప్పినారు గదా. ఆ మాట మీద ఇప్పుడు గూడా ఉండారా?"

అరుగు మీద కూర్చున్న కుర్రవాడొకడు కిసుక్కున నవ్వాడు. "లేదంటే కేసు మళ్లీ తీస్తారేమో తాతా."

"నోర్ముయ్ రా."

పెద్దాయన కండువా తీసి దులిపి మళ్లీ వేసుకున్నాడు. రాయి వంక చూశాడు. "సచ్చిపోయి గూడా నన్ను బోనులోనే నిలబెట్టినాడే ఆయప్ప" అని గొణిగి, డ్రైవరుకు చెయ్యి ఊపాడు. "పోనీప్పా బడికాడికి."

తెల్లటి దుమ్ము చాలాసేపు లేచింది. నేను కూర్చోలేదు. పైపు మీద పైపు దిగుతుంటే రాతిపొడి తప్ప ఏమీ రాలేదు. పెద్దాయన నా పక్కకు వచ్చి, "మా వీధిలో వేసింటే పడేది" అన్నాడు. పొద్దు వాలుతుండగా దుమ్ము రంగు మారింది, తర్వాత బురద, తర్వాత నీళ్లు. గొప్ప ధార కాదు. చేతిపంపుకు సరిపోతుందన్నాడు డ్రైవరు.

పంపు బిగించిన రోజు కింది వీధి వాళ్లు ముందు వచ్చారు. మీది వీధి వాళ్లు ట్యాంకరు రాని రోజు వచ్చారు.

రాయిని ఎవరూ కదిలించలేదు. నీళ్లు లేని చోట సారు పేరుంది. నీళ్లున్న చోట ఏ పేరూ లేదు. ఊరంతా దాన్ని కేసు బోరు అంటారు. సారు వాళ్లావిడకు రాయి సంగతీ, బోరు సంగతీ చెప్పాను.

"రెండు వీధులోళ్లూ వస్తాండారా?" అని మాత్రం అడిగారు.