ఏదడిగినా ఓకే

మేం అవ్వ అని పిలుచుకునే మా అమ్మ గొంతు మా దగ్గర ఇరవై సెకన్లే ఉంది. దాన్ని ఒక్క బొటనవేలితో చెరిపేశాననుకుని గడిపిన రోజు ఒకటుంది. ఆ రోజు పడ్డ భయం నేను నా కాన్పు రోజున కూడా పడలేదు.

ఆ ఇరవై సెకన్లు నా పెళ్ళి వీడియోలో ఉన్నాయి. అవ్వకు కెమెరా అంటే సిగ్గు. వెనక నుంచి లైటు పడితే చాలు, కొంగు అడ్డం పెట్టుకుని పక్కకు పోయేది. మూడు గంటల పెళ్ళిలో ఆమె వీపే కనపడుతుంది. చివర అప్పగింతల దగ్గర మాత్రం దొరికిపోయింది. నా చేతిని మా అత్తమ్మ చేతిలో పెట్టి, కెమెరా సంగతి మరిచి, "మా బిడ్డకు కోపం జెర ఎక్కువ వదినా. కడుపుల పెట్టుకోండ్రి" అన్నది. చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వుతారు. నేను ఏడుస్తూనే అవ్వ వైపు గుర్రుగా చూస్తాను. అంతే, తర్వాత బ్యాండువాళ్ళు వస్తారు.

క్యాసెట్టుకు బూజు పడుతుంటే ఒక ఫోటో స్టూడియో ఆయన దాన్ని నాలుగు భాగాలుగా చేసి పెన్‌డ్రైవులో ఎక్కించి ఇచ్చాడు. క్యాసెట్టు పారేశాం. ఆ స్టూడియో కూడా మూతపడింది. ఇంకో కాపీ తీసి పెట్టుకోవాలని ఏటా అనుకుంటాను. అనుకోవడానికి ఏం పోయింది, నోరు నొప్పి పుడుతుందా?

అవ్వ పోయి ఆరేళ్ళయింది. మా ఆయన దుబాయిలో ఉంటాడు కాబట్టి మా నాన్నను, బాపును, సిద్దిపేటకు నా దగ్గరికే తెచ్చుకున్నాను. బాపు నలభై ఏళ్ళు మగ్గం మీద కూర్చున్న మనిషి. పెన్‌డ్రైవును అవ్వ ఫోటో ముందు, ఆమె కుంకుమ భరిణెలో పెట్టింది ఆయనే. ఏటా పెత్రమాస నాడు, అదే పెద్దల అమావాస్యకు, అవ్వ పేరున బియ్యం ఇచ్చి వచ్చి, అన్నాలు తిని, టీవీ ముందు కూర్చుని ఆ నాలుగో భాగం చూస్తాం. దానికి ముందు బాపు పెన్‌డ్రైవుకు పసుపు, కుంకుమ పెడతాడు. "వద్దు బాపూ, లోపటికి పోతది, ఖరాబైతది" అని నేను ఎన్నిసార్లు మొత్తుకున్నానో. "మీ అవ్వకు పెట్టొద్దా మరి?" అంటాడు.

నిరుడు బాపు కంటికి ఆపరేషనయింది. ఒక కన్ను బాగానే ఉంది, రెండోది ఇంకా మసకే. "మీ అవ్వ ముఖం అలికినట్టు కనవడుతుంది బిడ్డా" అన్నాడు ఒకసారి, మా చిన్న టీవీ ముందు ముక్కు ఆనించి కూర్చుని. ఆ మాట పట్టుకునే ఈసారి పెత్రమాసకు ముందే గోడంత టీవీ కొన్నాను. దానితోపాటు చానళ్ళకు కొత్త హెచ్‌డీ బాక్సు వచ్చింది.

బిగించడానికి వచ్చిన మెకానిక్ నెత్తి నెరిసినవాడే గానీ మహా తొందర మనిషి. గోడకు నాలుగు బోల్టులు కొట్టి, తెర వెలిగించి, రిమోటు నా చేతిలో పెట్టాడు. తెర మీద ఏదో అడుగుతుంది, నేను చదవబోతాను, ఆయన "ఓకే కొట్టుండ్రి" అంటాడు. ఇంకోటి అడుగుతుంది. "ఓకే కొట్టుండ్రి." పది ప్రశ్నలకు పది ఓకేలు. పోతూ పోతూ గడప దగ్గర ఆగి, "ఏమడిగినా ఓకే కొట్టుండ్రి మేడం, అది మంచికే అడుగుతది" అని ఉపదేశం చేసి పోయాడు.

ఆ పెద్దమనిషి పనితనం నెల తర్వాత బయటపడింది. కొత్త బాక్సును పాత టీవీ వైర్లతోనే, ఆ ఎరుపు, పసుపు, తెలుపు మూడు వైర్లతోనే కలిపి పోయాడు. హెచ్‌డీ బొమ్మ ఆ వైర్లలోంచి రాదట. దానికి వెడల్పు మూతి ఉన్న వేరే కేబులుంటుంది. అది అట్టపెట్టెలో కవరు కూడా విప్పకుండా పడుంది. నెల రోజులు మసక బొమ్మ చూస్తూ, ఆహా ఎంత బాగుందో అనుకున్నాం. అది నేనే తెలుసుకుని నేనే మార్చాను. అప్పటి నుంచి ఆ టీవీ విషయంలో నాకు నేనే ఇంజనీరునైపోయాను.

బాపు ఒకసారి రిమోటు ఏదో నొక్కితే తెర మీది అక్షరాలన్నీ ఏ దేశం భాషలోకో మారిపోయాయి. సరిచేయడానికి నాకు రెండు గంటలు పట్టింది. నోటికొచ్చినట్టు అరిచాను. అంతటితో ఊరుకున్నానా? తెల్ల కాగితం మీద "బాపూ, ముట్టొద్దు" అని రాసి బాక్సు ముందు అంటించాను. బాపు దాన్ని కూడబలుక్కుని చదివి తలూపాడు. అప్పటి నుంచి పొద్దున నేను ఏ చానలు పెట్టిపోతే సాయంత్రం నేను వచ్చేదాకా అదే చూసేవాడు. చప్పుడు ఎక్కువైతే తగ్గించకుండా చెవుల మీద తువ్వాల కప్పుకునేవాడు. అది కూడా నాకు అప్పుడు తప్పుగా తోచలేదు.

పెత్రమాస ఇంకా రెండు రోజులుందనగా, బడికి పోయే ముందు ఒకసారి పెట్టి చూద్దామనిపించింది. బాపు స్నానానికి పోయాడు. భరిణెలోంచి పెన్‌డ్రైవు తీసి, మూతికి అంటిన కుంకుమ ఊదేసి, బాక్సు ముందున్న సందులో పెట్టాను. ఇంగ్లీషులో నాలుగు వరుసలు వచ్చాయి. బస్సుకు టైమవుతోంది. నా వేలు ఓకే కొట్టేసింది.

నేను టీచర్ని. "ప్రశ్న రెండుసార్లు చదివినంకనే జవాబు రాయుండ్రి" అని పాతికేళ్ళుగా పిల్లల ప్రాణాలు తీస్తున్నదాన్ని. కొట్టేశాక చదివాను. ఈ పెన్‌డ్రైవును ఫార్మాట్ చేయాలా, ఇందులో ఉన్నదంతా పోతుంది, అని అడిగింది అది. నేను సరేనన్నాను. ఒక నీలం గీత ఇటు నుంచి అటు గబగబా పాకి, అయిపోయిందని చెప్పింది. లోపల చూస్తే ఏమీ లేదు. నాలుగు భాగాలూ లేవు.

అంతలో స్నానాల గదిలో చెంబు చప్పుడు ఆగింది. ఆ చప్పుడు ఆగగానే నేను చేసిన పనేమిటో తెలుసా? బాపు రోజూ చూసే వార్తల చానలు పెట్టేశాను. పెన్‌డ్రైవు తీసి భరిణెలో పెట్టాలన్న ధ్యాస కూడా లేదు. తెర మూలన ఒక ఎర్ర చుక్క వెలుగుతోంది. దాన్ని చూసి కూడా సంచి భుజానికి వేసుకుని బయటపడ్డాను. దొంగకు తేలు కుట్టినట్టు, బస్సులో కిక్కురుమనలేదు.

బళ్ళో పదకొండింటికి కంప్యూటరు సారును అడిగాను, నా సంగతి కాదన్నట్టు, మా చుట్టాలావిడకు ఇట్లా జరిగిందని.

"ఫార్మాట్ కొట్టంగనే పోదు టీచర్. గోడకు సున్నం ఏసినట్టనుకోండ్రి, కింద రాత ఉంటది. గీకి తియ్యొచ్చు. కాని దాని మీద కొత్తది ఎక్కొద్దు. ఎక్కితె మాత్రం ఆశ ఇడిసిపెట్టుడే."

"కొత్తది ఎట్లెక్కుతది సారూ?"

"గా బాక్సులు టీవీల వచ్చేది వాటికవే రికార్డు చేస్తయి గదా, అందుకే ఫార్మాట్ అడుగుతయి. రికార్డు నడుస్తుంటె మూలకు ఎర్ర చుక్క వస్తది. వచ్చిందా ఆమెకు?"

ఎనిమిదిన్నరకు ఇల్లు వదిలాను. రెండున్నర గంటలుగా మా అవ్వ మీద వార్తలు ఎక్కుతున్నాయి.

ఫోను నా చేతిలోనే ఉంది. ఒక్క మాట చాలు, "బాపూ, గా పెన్‌డ్రైవు గుంజెయ్యి" అని. గుంజెయ్యమంటే ఎందుకంటాడు. ఎందుకో చెప్పాలి. అవ్వను నేనే తుడిచేశానని ఫోన్లో ఆయనకు ఎలా చెప్పను? రెండుసార్లు నంబరు తీశాను, రెండుసార్లూ మూసేశాను. ఒంట్లో బాగాలేదని సెలవు చీటీ రాసిచ్చి బస్సు కోసం నిలబడ్డాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. బస్సు ఎంతకీ రాలేదు. వచ్చాక ప్రతి గునుగుపూల చేను దగ్గరా ఆగింది, బతుకమ్మకు పూలు కోసుకునేవాళ్ళు ఎక్కుతుంటే, దిగుతుంటే. నేను కిటికీ కమ్మి పట్టుకుని నిమిషాలు లెక్కపెట్టాను. ఆ నాలుగో భాగం ఇప్పుడు పోయి ఉంటుంది, ఇప్పుడు పోయి ఉంటుంది అనుకుంటూ.

ఇంటికి చేరేసరికి ఒంటిగంటయింది. టీవీ నడుస్తోంది. పెన్‌డ్రైవు నేను పెట్టిన సందులోనే ఉంది. బాపు కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాడు, నా మొహం వైపు చూడలేదు. నేనూ ఆయన వైపు చూడలేదు.

"గింత జల్దిన వచ్చినవేంది బిడ్డా?"

"తలనొప్పి బాపూ."

పెన్‌డ్రైవు లాగి గుప్పిట్లో దాచుకున్నాను. ఆయన చూశాడు. చూసి కూడా ఏమీ అడగలేదు. ఏదడిగినా ఏడ్చేసేదాన్ని.

బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే ఒక పెద్దాయన ఉన్నాడు. అద్దాలు ముక్కు చివరికి జార్చి, పెన్‌డ్రైవు మూతిలోకి చూసి, "ఏందమ్మా గిది, కుంకుమనా?" అని చిన్న బ్రష్షుతో తుడిచాడు. ఆయన వెనక బల్ల మీద కూర్చున్నాను. మొక్కని దేవుడు లేడు. ఆఖరికి అవ్వకే మొక్కాను, అవ్వా ఈ ఒక్కసారి, ఇంక ఎవరి మీదా అరవను అని.

గంట తర్వాత ఆయన నన్ను పిలిచాడు.

"ఎంతసేపు పెట్టిన్రు మేడం ఇది బాక్సుకు?"

"నాలుగున్నర గంటలు."

"కాదు. దీంట్ల వార్తలు ఇరవై అయిదు నిమిషాలే ఉన్నయి. మొదటి రెండు భాగాలు పోయినయి, మూడోది సగం ఖరాబైంది. నాలుగోది ముట్టలేదు. నడుమల ఎవరో గుంజిన్రు."

ఆయన చిన్న తెర మీద నాలుగో భాగం పెట్టాడు. అవ్వ వచ్చింది. "మా బిడ్డకు కోపం జెర ఎక్కువ వదినా" అన్నది. నేను ఆ దుకాణంలోనే బోరుమన్నాను. పాపం ఆయన లేచి ఫ్యాను పెంచాడు. రెండు కొత్త పెన్‌డ్రైవుల్లో కాపీలు చేసి ఇస్తూ, "బాక్సుకు పెట్టకుండ్రి, టీవీ పక్కకున్న సందుల పెట్టుండ్రి. బాక్సు రాసుకునేది, టీవీ చదివేది" అన్నాడు. అయిదు నిమిషాల చదువు. నెలన్నరగా ఇంజనీరునని తిరిగినదాన్ని నేను!

ఇంటికి పోయి అంతా చెప్పేశాను. బాపు తలొంచుకుని విన్నాడు.

"నేనే గుంజిన బిడ్డా."

"ఎందుకు?"

"నువ్వు పోయినంక చూస్తె భరిణెల లేదు. బాక్సుకు ఉన్నది. ఎర్రగ టుకుటుకు కొట్టుకుంటున్నది. ముట్టుకుంటె జరమొచ్చినట్టు కాలుతున్నది. మీ అవ్వ అండ్ల కాలుతదేమో అని భయమైంది. గుంజి ఫోటో ముంగట పెట్టిన, సల్లగయ్యేదాక."

"మరి మల్ల బాక్సుకు ఎవరు పెట్టిన్రు?"

"నేనే. నువ్వు వచ్చే యాల్లకు పెట్టకుంటె, ముట్టినవని తిడ్తవు గదా. మల్ల పెట్టంగనే ఇంగ్లీషుల ఏందో అడిగింది. నాకు సమజ్ కాలే. జవాబియ్యలే. జెరసేపటికి అదే పోయింది, ఎర్రది మల్ల కొట్టుకోలే."

పొద్దంతా ఆయన నాకు భయపడుతూ కూర్చున్నాడు. నేను ఫోను చేసే ధైర్యం లేక బస్టాపులో నిలబడ్డప్పుడు, అవ్వ తన ఫోటో ముందు చల్లబడుతోంది.

పెత్రమాస నాడు బియ్యం ఇచ్చి వచ్చాం, అన్నాలు తిన్నాం. పెన్‌డ్రైవును ఈసారి టీవీకే పెట్టాను. నా తలంబ్రాలు లేవు, జీలకర్ర బెల్లం లేదు, పెళ్ళి నేరుగా అప్పగింతల దగ్గరే మొదలైంది. "పోగు తెగితె అతుకేసుకుంటం గదా, గట్లనే అనుకో" అన్నాడు బాపు. పాత వీడియోను అంత పెద్ద తెర మీద దగ్గర నుంచి చూస్తే గళ్ళు గళ్ళుగా ఉంది. బాపు కుర్చీ వెనక్కి జరుపుకుంటూ, జరుపుకుంటూ వంటింటి గడప దాకా పోయాడు. "ఆఁ, గిప్పుడు కనవడుతుంది" అన్నాడు.

అవ్వ ఆ మాట అన్నది. వీడియోలో అందరూ నవ్వారు. ఏటా బాపు కూడా వాళ్ళతో కలిసి నవ్వేవాడు. ఈసారి నవ్వకుండా నా వైపు చూశాడు.

నేను లేచి బాక్సు మీది కాగితం పీకేశాను. సగం చినిగి, "ముట్టొద్దు" మాత్రం అంటుకునే ఉంటే గోరుతో గీకాను. రిమోటు తెచ్చి బాపు చేతిలో పెట్టాను.

"మీ అవ్వను ఇంకోపారి చూస్త బిడ్డా, ఏది ఒత్తాలె?"

చూపించాను. బాపు ఆ మీట మీద వేలు పెట్టాడు గానీ నొక్కలేదు.

"తప్పు ఒత్తితె తిట్టవు గదా?" అన్నాడు.