లిస్బన్‌లో ఇద్దరి కుండ

మొన్న ఆదివారం పొద్దున మా కోట ఊరి మార్కెట్లో రొయ్యల గంప ముందు నిలబడి, చేతి అలవాటు కొద్దీ ఒక రొయ్యను తీసుకుని, తల మీది పెంకు కాస్త ఎత్తి చూసి, మీసం లాగి, వాసన చూసి మళ్లీ గంపలో వేయబోతే, అమ్మే అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టేసింది. ముట్టుకున్నవి కొనాల్సిందేనంది, నవ్వుతూనే. చేప మొప్ప ఎత్తకుండా, రొయ్య తల నొక్కకుండా ఏనాడూ కొన్నవాళ్లం కాదు గదా మనం, మీరెవరైనా అక్కడుంటే ఆ పిల్లకు నాలుగు మాటలు చెప్పి ఉండేవాళ్లు. నేను మాత్రం కిలో తూయించుకుని, సంచి ఊపుకుంటూ నడుస్తూ నాలో నేనే నవ్వుకున్నాను. ముట్టుకున్న పాపానికి రొయ్యలు నా నెత్తిన పడటం అది రెండోసారి. మొదటిసారి పడింది లిస్బన్‌లో.

ఎక్కడి కోట, ఎక్కడి లిస్బన్ అనుకుంటారేమో. రొయ్యల చెరువులు మన తీరాన్ని ఒక ఊపు ఊపిన రోజుల్లో, మేత కంపెనీల వాళ్లు తమ దగ్గర ఎక్కువ కొన్న రైతులను విమానం ఎక్కించి ఏదో ఒక దేశం చూపించుకు రావడం ఆనవాయితీగా ఉండేది. మద్రాసు దాటి ఎరగనివాళ్లం, స్వెట్టర్లు అరువు తెచ్చుకుని, గోంగూర పచ్చడి సీసాలు పంచెల మధ్య చుట్టుకుని బయలుదేరాం. మా వైపు నుంచి ముగ్గురం వెళ్లాం. నేను, మా ఆవిడకు అన్నయ్యా నాకు బావా అయిన పెద్దమనిషి, సూళ్లూరుపేట నుంచి వచ్చి మా పక్క చెరువు కౌలుకు చేస్తున్న భాయ్. ఒకే ఊరి వైపు వాళ్లని కంపెనీ వాళ్లు మా ముగ్గురినీ ఒకే గదిలో వేశారు. వాళ్లకేం తెలుసు, మా బావకూ భాయ్‌కూ రెండేళ్లుగా మాటల్లేవని.

అంతకుముందు వాళ్లిద్దరూ ఒకరిని విడిచి ఒకరుండేవాళ్లు కాదు. భాయ్ నన్ను తమ్ముడనేవాడు, వయసులో చిన్నవాడైన మా బావను బావా అనేవాడు, నీకు బావైతే నాకూ బావేనని. బావ కూతుర్ని చంకనేసుకుని చెరువు గట్టు మీద తిప్పినవాడు ఆయనే. రొయ్యలకు తెల్లమచ్చ రోగం వచ్చిన ఏడు భాయ్ చెరువు ముందు పోయింది. ఆయన ఆ నీళ్లు కాలవలోకి వదిలాడు, ఆ సంగతి తెలియక బావ అదే కాలవ నీళ్లు తన చెరువుకు పెట్టుకున్నాడు, నాలుగు రోజుల్లో బావ పంటా తెల్లబోయింది. కావలివాడితో కబురు పంపానంటాడు భాయ్. అందలేదంటాడు బావ. పంట పోయినందుకు కాదు, ఒక్క మాట చెప్పనందుకు బావ గుండె మండింది. పగ ఉన్న ఇంట మంచినీళ్లయినా ముట్టకూడదనీ, ఒక్కసారి ఒకే కుండలోది తిన్నాక ఇక పాత మాట ఎత్తకూడదనీ మా పెద్దలు పెట్టిన కట్టడి. ఆ కట్టడి ప్రకారమే బావ భాయ్ ఉన్న చోట చెయ్యి తడిపేవాడు కాదు.

తిరిగి రాగానే బావ కూతురికి పెళ్లి. శుభలేఖల్లో భాయ్‌కి ఒకటి రాయనని బావ, భాయ్ రాని పెళ్లికి నేనూ రానని మా ఆవిడ. ఆమె నన్ను సాగనంపుతూ, ఆ దేశంలో ఏం చూస్తావో చూడు గానీ వాళ్లిద్దర్నీ కలపకుండా గడప తొక్కొద్దని చెప్పి పంపింది. కట్టుకున్నదాని మాట తోసేయగల మగవాడు మన తరంలో ఉన్నాడో లేదో నాకు తెలియదు, నేను మాత్రం కాదు.

లిస్బన్ కొండల మీద కట్టిన ఊరు. ఇళ్ల గోడలకు నీలం పూల పలకలు, కాలిబాటలకు నలుపూ తెలుపూ రాళ్లతో ముగ్గులు, ఆ ఇరుకు సందుల్లో పసుపుపచ్చ ట్రాము మూలుగుతూ ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. నది సముద్రంలో కలిసే చోట ఎంత వెడల్పంటే, పులికాట్ గుర్తొచ్చి ముగ్గురం ఒక్కసారే నిట్టూర్చాం, నిట్టూర్చినందుకు వాళ్లిద్దరూ చెరోవైపు తిరిగారు. మాకు విడిచిపెట్టిన ఒక్క రోజు అది. ఇంగ్లీషు ముక్క రాని బావ ఒంటరిగా పోలేడు, నాలుగు ముక్కలొచ్చిన భాయ్‌ని వదిలి నేను పోలేను. జానెడు దూరంలో నడుస్తున్న మనుషుల మధ్య తపాలా బంట్రోతు ఉద్యోగం నాది. ట్రాము ఎప్పుడని ఆయన్నడుగు అని ఒకరు, వస్తుందని ఆయనకు చెప్పు అని ఇంకొకరు. ఒక కొట్లో అట్టల మాదిరి పేర్చిన ఉప్పు చేపలు కనబడితే మాత్రం ఇద్దరూ చెరోవైపు నుంచి వంగి వాసన పీల్చి, మనూరి ఎండుచేపల అంగడి వాసనేనన్నట్టు నా వంక చూశారు. నాకు అప్పుడే కాస్త ఆశ పుట్టింది.

ఇక నా తిండి సంగతి. గుడ్డు సొనా పాలూ పోసి కాల్చి, పైన దాల్చినచెక్క పొడి చల్లే బుల్లి మిఠాయి ఒకటి ఆ ఊళ్లో దొరుకుతుంది. పొద్దున్నే వేడివేడిగా ఎన్ని తిన్నానో నన్నడక్కండి. ఆ మీదట ట్రాములో కొండలెక్కి దిగేసరికి కడుపునొప్పి పట్టుకుని, మధ్యాహ్నానికి నా ముఖం వేలాడిపోయింది.

ఆ సమయంలోనే ఒక సందు మొగలో, గాజు పెట్టెలో మంచు మీద పరిచిన రొయ్యలు కనబడ్డాయి. అంగడనుకున్నాం. రొయ్య రైతు కంటికి రొయ్య కనబడితే చెయ్యి ఊరుకుంటుందా, బావ ఒకటి తీసి వెలుతురుకు పట్టి మచ్చలున్నాయేమో చూశాడు. భాయ్ ఇంకొకటి తీసి పెంకు నొక్కి, చేత్తో తూచి, కిలోకు ఎన్ని తూగుతాయో నాకు చెప్పాడు. బావ కాదని ఇంకో లెక్క నాకే చెప్పాడు. ఆ పట్టుదలలో ఇద్దరూ పెట్టెలో సగం రొయ్యలు తిరగేశారు. లోపలి నుంచి ఒక లావుపాటి పెద్దావిడ నవ్వుతూ వచ్చి, వీళ్లు ముట్టుకున్నవన్నీ ఒక పళ్లెంలోకి ఎత్తి లోపలికి పంపి, మమ్మల్ని చెయ్యి పట్టి తీసుకుపోయి బల్ల ముందు కూర్చోబెట్టింది. అది అంగడి కాదు, హోటలు. ఆవిడ దృష్టిలో మేం ఏరుకున్నది మా భోజనం. నేను కడుపు మీద చెయ్యేసుకుని వద్దని తల అడ్డంగా ఊపేసరికి, రెండే పళ్లేలు పెట్టింది. ఆ వంటకం ఇద్దరికి ఒక కుండగా వండుతారని భాయ్ కనుక్కుని నాకు చెప్పాడు. బావ విన్నాడు. లేచిపోతాడనుకున్నాను.

లేచాడు కూడా. అయితే వాకిలి వైపు పోలేదు, వంటింటి వైపు పోయాడు. మధ్యలో ఉన్న అద్దంలోంచి మాకంతా కనబడుతూనే ఉంది. వంటావిడ పొయ్యి మీది కుండ పైకి తెల్ల ద్రాక్షసారా సీసా ఒకటి ఎత్తింది, బావ పోయి తన అరచెయ్యి ఆ కుండ మీద అడ్డంగా పెట్టాడు. విమానంలో అలాంటి సీసాలు రెండుసార్లు అడిగి తాగిన మనిషే ఆయన. మా బల్ల వైపు వేలు చూపించి, రెండు అరచేతులూ పైకెత్తి దువా చేస్తున్నట్టు నిలబడి, తల అడ్డంగా ఊపాడు. ఆవిడ అర్థం చేసుకుని సీసా పక్కన పెట్టి నిమ్మకాయ పిండింది. భాయ్ అద్దం వంక చూస్తూ ఉండిపోయాడు. ఆయన కళ్లు తడిసినాయి, నావీ తడిసినాయి, నా కడుపునొప్పి వల్ల మాత్రం కాదు.

కుండ వచ్చింది. ఎర్రటి పులుసులో ఉడికిన అన్నం, నిండా రొయ్యలు, పైన కొత్తిమీర. పులుసన్నమే, మిరపకారం ఒక్కటే తక్కువ.  భాయ్ కుండలోంచి రొయ్య తలలు ఏరి బావ పళ్లెం అంచున పెట్టాడు.

"తలలు నువ్వు తిను బావా. నీకవే గదా ఇష్టం."

రెండేళ్ల తర్వాత వచ్చిన పిలుపది. బావ తల వంచుకునే అన్నాడు, "నీళ్లు వదిలేటప్పుడు ఒక్క మాట చెప్పుంటే పొయ్యేది గదబ్బా."

"కబురు పంపినాను బావా. నేనే వచ్చుండాల్సింది."

అంతే. తర్వాత సంచిలోని గోంగూర సీసా మూత తీశారు, కుండ అడుగంటా గీకారు, పక్కన నేనొకణ్ణి ఉన్నానన్న ధ్యాస కూడా వాళ్లకు లేదు. ఆకలి లేకపోయినా ఆనందంతో నేనూ ఒక గ్లాసు నిమ్మనీళ్లు తాగాను. పెళ్లికి భాయ్ ముందురోజే వచ్చి పందిట్లో పెత్తనమంతా చేశాడు, మా ఆవిడ నన్ను గడప తొక్కనిచ్చింది.

ఆ తర్వాత రొయ్యలు పట్టే ప్రతి పట్టుబడికీ గట్టు మీద లిస్బన్ కూడు వండటం మాకు అలవాటైంది. కుండ వాళ్లిద్దరి మధ్యే పెట్టేవాళ్లు, అది ఇద్దరి వంట, నువ్వాగబ్బా అని నన్ను ఏడిపించి తర్వాత వడ్డించేవాళ్లు. ఇప్పుడు చెరువుల చుట్టూ వలలు కట్టి, రోగం రాకుండా పరాయి మనిషి అడుగుపెట్టకూడదని బోర్డులు పెట్టారు. నీళ్లు వదిలితే ఫోన్లో గ్రూపులో పెడతారు, క్షణంలో అందరికీ అందుతుంది. కబురు అందలేదనే గొడవే లేదు, మంచిదే. కానీ ఆ కబురు చెప్పడానికి గట్టు వెంట నడిచొచ్చే మనిషీ లేడు, వచ్చినవాడికి కుండ దించే ఇల్లూ లేదు.

బావ నిరుడు పోయాడు. మొన్న ఆ రొయ్యలు ఇంటికి తెచ్చి, కౌలు మానేసి సూళ్లూరుపేటలోనే ఉంటున్న భాయ్‌కి ఫోన్ చేశాను. గూడూరు దాకా రైల్లో, అక్కడి నుంచి బస్సులో మధ్యాహ్నానికి వచ్చాడు, మోకాళ్లు పట్టుకుంటూ. మా ఆవిడ కుండ తెచ్చి మా ఇద్దరి మధ్య పెట్టి, లోపలికి పోయింది. భాయ్ అలవాటు కొద్దీ తలలన్నీ ఏరి, ఎదుటి పళ్లెం అంచున పెట్టి, అప్పుడు తలెత్తి నన్ను చూశాడు. ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది. రొయ్య తలలు నేను పుట్టి బుద్ధెరిగి తిన్నవాణ్ణి కాదు. ఆ రోజు అన్నీ తిన్నాను.