హారతి పళ్లెంతో పరుగు

అరవైల్లో మాట. అద్దంకి దగ్గర పల్లెకు నేను కోడలిగా వెళ్లిన కొత్తలో మా మామగారు పాత కారొకటి కొన్నారు. అందరం తొలిసారి గుంటూరు బయల్దేరుతుంటే, అత్తయ్య కారు ముందు నిలబడి హారతి పళ్లెంలో కర్పూరం వెలిగించింది.

అప్పుడే గుప్పున పెట్రోలు వాసన కొట్టింది.

"మామయ్యా, ఏదో కారుతున్నట్టుంది," అన్నాను.

"పైపు కాస్త కారుతుంటే నిన్న దూది కుక్కి గుడ్డ కట్టాన్లేమ్మా. మన చేలో పత్తే!" అన్నారాయన ధీమాగా.

అత్తయ్య పళ్లెం తిప్పుతూ బానెట్ మీదికి వంగుతోంది. హారతి మధ్యలో ఆపితే అపశకునమంటారు. పైగా కొత్త కోడల్ని. పళ్లెం ఇంకా కిందికి దిగింది.

"వద్దత్తయ్యా!" అని అరిచి, పళ్లెం లాక్కుని, వాకిట్లో మిరపకాయలు ఆరబోసిన వైపు పరిగెత్తాను. కర్పూరం జారి నేలమీద పడింది.

మామగారు మండిపడ్డారు. బానెట్ ఎత్తి, తడి దూది పీకి, "దీనికింత గోలా?" అని విసిరికొట్టారు. అది వెళ్లి కర్పూరం పక్కనే పడింది. భగ్గుమని మంట నడుమెత్తు లేచింది. అంచున ఉన్న మిరపకాయలు కాలి, ఆ ఘాటుకు దగ్గుతూనే అందరం మట్టి పోసి ఆర్పాం.

పైపు మార్పించాకే కారు కదిలింది. ఆ తర్వాత ఎప్పుడు బయల్దేరినా మామగారు ముందు బానెట్ ఎత్తి, "అమ్మాయ్, ఓసారొచ్చి వాసన చూడు," అని పిలిచేవారు.

అత్తయ్య హారతి మానలేదు. కాకపోతే కారుకు కాదు, వసారాలో నిలబెట్టి మాకే ఇచ్చేది.